రాజుగారి నోటు, మన సంతకం

కెనడా పౌరసత్వం పుచ్చుకున్న ప్రతి తెలుగువాడికీ ఊరి నుంచి ఒక చురక అంటుతుంది. "తెల్లవాణ్ణి తరిమేసిన దేశంలో పుట్టి, పోయి పోయి తెల్లవాడి రాజుకే దణ్ణం పెట్టొచ్చావట్రా?" నాకు మా బాబాయి అంటించాడు. ఆయన తప్పేం లేదు. ప్రమాణంలో మొదటి సగం వింటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కెనడా రాజు మూడవ చార్లెస్‌కూ, ఆయన వారసులకూ విశ్వాసంగా, విధేయంగా ఉంటానని చెయ్యెత్తి చెప్పాలి. జూమ్‌లో చెప్పినా సరే, చెయ్యి మాత్రం కెమెరాకు కనపడాలి.

బాబాయికి ఎవరూ చెప్పని రెండో సగం ఒకటుంది. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ ప్రజల ఆదివాసీ హక్కులనూ ఒప్పంద హక్కులనూ గుర్తించి ఖాయపరిచిన రాజ్యాంగంతో సహా ఈ దేశపు చట్టాలన్నిటినీ పాటిస్తాను, అని. ఈ ముక్క 2021 జూన్‌లో చేర్చారు. మూలవాసుల పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లి ఉంచిన రెసిడెన్షియల్ స్కూళ్ల మీద విచారణ జరిపిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 సిఫారసులు చేసింది. వాటిలో చిట్టచివరిది ఈ ప్రమాణాన్ని మార్చమన్నదే. దేశంలో పుట్టినవాళ్లెవరూ ఈ మాట అనక్కర్లేదు. వలస వచ్చినవాళ్లమే అనాలి. అంటే మూలవాసుల ఒప్పందాలను నెత్తిన పెట్టుకుంటామని నోరారా మాటిచ్చింది ఈ దేశంలో ప్రధానంగా మనలాంటివాళ్లమే. ఈ వింత సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

మొదటి సగానికి నవ్వేవాళ్లున్నారు, రెండో సగానికి ఆవులించేవాళ్లున్నారు. నేననేది, ఆ రెండూ ఒకే కాగితం మీదివని. ఆ కాగితం ఒక ప్రామిసరీ నోటు. రాసిచ్చింది రాజు. పుచ్చుకున్నది ఈ నేల మనుషులు. మనం దాని మీద కొత్తగా చేరిన సంతకందారులం.

మా ఊళ్లో చట్టం చదవనివాళ్లకు కూడా నోటు గురించి ఒక సంగతి తెలుసు. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. అందుకని గడువు దగ్గరపడగానే అప్పిచ్చినాయన వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. డబ్బు లేకపోతే పోయె, నోటైనా తిరగరాసివ్వమంటాడు. బాకీ ఉన్న మాట నిజమేనని రాసి సంతకం పెడితే గడువు మళ్లీ మొదటికొస్తుంది. ఇక్కడ మీటింగుల ముందు, స్కూలు అనౌన్స్‌మెంట్లలో, హాకీ ఆటల ముందు, ఈ నేల ఫలానా మూలవాసులదని చదివే ల్యాండ్ అక్నాలెడ్జ్‌మెంట్‌ను నేను ఆ లెక్కలోనే చూస్తాను. బాకీ ఉన్న మాట నిజమేనని ఒప్పుకుంటే దానికి విలువుంది. లేకపోతే అది స్తోత్రపాఠం.

2025 మే 27న సాక్షాత్తు రాజే ఆ పాఠం చదివాడు. అమెరికా అధ్యక్షుడు కెనడాను 51వ రాష్ట్రం చేసుకుంటానని ఊదరగొడుతున్న రోజులవి. ఈ దేశానికి ఓ తలకాయ వేరే ఉందని చూపించడానికి చార్లెస్‌ను ఒట్టావాకు పిలిపించి పార్లమెంటు ప్రారంభ ప్రసంగం చదివించారు. రాజో రాణో స్వయంగా వచ్చి అలా చదవడం 1977 తర్వాత అదే మొదటిసారి. ఆయన మొదట్లోనే, మనం కూర్చున్న ఈ చోటు ఆల్గాంక్విన్ అనిషినాబేలు ఎన్నడూ వదులుకోని నేల అన్నాడు. కెనడా నేలలో సుమారు 89 శాతం క్రౌన్ భూమి. క్రౌన్ అంటే రాజు పేరిట నడిచే ప్రభుత్వం. కాగితాల మీద ఆయన పేరిటే ఉంటుంది. తన పేరిటున్న నేలను తనకెవరూ రాసివ్వలేదని రాజే తన సింహాసనం మీద కూర్చుని చెప్పాడన్నమాట. చాలామంది నవ్వుకున్నారు. లిబరల్ మిత్రుడొకడు, "అంత తెలిసినవాడు దిగిపోవచ్చుగా" అన్నాడు.

ఇక్కడే వ్యవహారం మనవాళ్ల ఊహకు అడ్డం తిరుగుతుంది. ఆయన్ను దిగిపొమ్మని గట్టిగా అడగాల్సిన మూలవాసీ నాయకుల్లో చాలామంది ఆ మాట అనరు. అదే 2025లో ఆల్బర్టాను కెనడా నుంచి విడదీస్తామని కొందరు బయల్దేరినప్పుడు, ఆరో, ఏడో, ఎనిమిదో ఒప్పందాల చీఫ్‌లు అడ్డం నిలబడి చెప్పిన మాట ఇదే. మా ఒప్పందం క్రౌన్‌తో, మీ రాష్ట్రం పుట్టకముందే అయింది, మమ్మల్ని కాదని మీరు ఎక్కడికీ పోలేరు. వాళ్లకు రాజు మీద ప్రేమ కారిపోతోందని కాదు. నోటు మీద సంతకం ఆయన వంశానిది. సంతకం పెట్టినవాడు మాయమైతే నష్టం ఎవరికి?

ఈ నోటు మొదలైన ఏడు 1763. ఆ సంవత్సరం దగ్గర తెలుగువాడు ఆగాలి. ఎందుకంటే అదే యుద్ధంలో మనమూ చేతులు మారాం. ఏడేళ్ల యుద్ధమని ఇంగ్లీషు చరిత్రకారులు పిలిచే ఫ్రెంచి, ఇంగ్లీషు తగాదా ఒకేసారి రెండు గోళార్ధాల్లో నడిచింది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందరాజు కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. అదే సెప్టెంబరులో ఇక్కడ క్యుబెక్ పడింది. ఇటు బందరు, అటు క్యుబెక్, మధ్యలో ఐదు నెలలు. 1763 ఫిబ్రవరి పారిస్ ఒప్పందం రెండు లెక్కలనూ ఒకే బల్ల మీద తేల్చింది. ఆ తర్వాత దారులు విడిపోయాయి. నాకు ఆసక్తి అక్కడే.

ఉత్తర సర్కారుల సంగతి ఢిల్లీ పాదుషా 1765లో ఫర్మానా ఇవ్వడం, 1766లో నిజాముతో ఏటేటా ఇంతని పేష్కష్ కడతామని కంపెనీ ఒప్పుకోవడం, ఇలా పైపైన తేలిపోయింది. పొలం దున్నేవాడితో గానీ, కొండల్లో పోడు కొట్టేవాడితో గానీ ఎవరూ ఒక్క కాగితం రాసుకోలేదు. ఏటా డబ్బు కట్టింది నిజాముకు. ఇక్కడ మాత్రం మూడవ జార్జి 1763 అక్టోబరు 7న ఒక ప్రకటన చేశాడు. మూలవాసులు రాసివ్వని నేలలో ఎవరూ కాలు పెట్టకూడదు. వాళ్లు అమ్మదలిస్తే బహిరంగ సభ పెట్టి క్రౌన్ మాత్రమే కొనాలి. మంచితనంతో చేసిన పని కాదది. మూలవాసీ నాయకుడు పాంటియాక్ తిరుగుబాటు మంటలు ఇంకా ఆరలేదు, ఖజానా ఖాళీ. అయినా నోటు నోటే. మరుసటి ఏడు నయాగరా దగ్గర క్రౌన్ తరఫు అధికారి విలియం జాన్సన్ 24 జాతుల నుంచి వచ్చిన సుమారు 2,000 మందిని కూర్చోబెట్టి, ఆ ప్రకటనను వాళ్ల పద్ధతిలో, గవ్వపూసలతో అల్లిన వాంపం పట్టీలు మార్చుకుని ఖాయం చేసుకున్నాడు. అంటే అది ఏకపక్షపు హుకుం కాదు, రెండు పక్షాల మాట. 1982 రాజ్యాంగంలో ఆ 1763 ప్రకటన ఇప్పటికీ పేరుతో సహా ఉంది.

ఆ 1982 కథ కూడా చెప్పాలి. కెనడా తన రాజ్యాంగాన్ని లండన్ నుంచి ఇంటికి తెచ్చుకుంటున్న రోజుల్లో ఫస్ట్ నేషన్స్‌కు భయం పట్టుకుంది. బాకీ రాసిచ్చినవాడు సముద్రానికవతల, బాకీ తీర్చాల్సినవాడు ఇవతల. మధ్యలో మేము పోతామేమోనని. రైళ్లకు రైళ్లు కట్టుకుని ఒట్టావాకు పోయారు, అక్కణ్ణుంచి యూరపుకూ వెళ్లారు. కాన్‌స్టిట్యూషన్ ఎక్స్‌ప్రెస్ అంటారు దాన్ని. ఆల్బర్టా ఇండియన్ అసోసియేషన్ లండన్ కోర్టులో దావా వేసింది. 1982లో లార్డ్ డెనింగ్ తీర్పు చెప్పాడు. బాధ్యత ఇప్పుడు బ్రిటన్ క్రౌన్‌ది కాదు, కెనడా క్రౌన్‌ది. దావా ఓడిపోయినట్టే. కానీ ఆయన ఇంకోటి కూడా అన్నాడు. సూర్యుడు పొడుస్తున్నంత కాలం, నది పారుతున్నంత కాలం అని ఇచ్చిన ఆ మాటను ఏ పార్లమెంటూ తగ్గించకూడదు, ఆ మాట తప్పకూడదు. బాకీదారు పేరు మారింది, బాకీ మారలేదు. మూలవాసుల హక్కులనూ ఒప్పంద హక్కులనూ గుర్తించే సెక్షన్ 35 రాజ్యాంగంలోకి వచ్చింది ఆ ఒత్తిడిలోనే. ఎవరూ దానం చేయలేదు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, రాజుగారి మాట అనేది వట్టి అలంకారం కాదని చెప్పడానికి నా దగ్గర ఒక కేసుంది. అది తెలిశాక నేను రాజరికం మీద జోకులు వేయడం తగ్గించాను.

1850 సెప్టెంబరులో విలియం రాబిన్సన్ అనే దొర హ్యూరాన్, సుపీరియర్ సరస్సుల ఉత్తరం వైపు అనిషినాబేలతో రెండు ఒప్పందాలు చేసుకున్నాడు. ఆ రాళ్ల నేలలో ఖనిజాలున్నాయని అప్పటికే వాసన తగిలింది. చేతికి రెండు వేల పౌండ్ల చొప్పున ఇచ్చారు. తర్వాత ప్రతి ఏటా కొంత సొమ్ము, ఎప్పటికీ. అందులో ఒక షరతు. ఆ నేల మీద వచ్చే రాబడి ప్రభుత్వానికి నష్టం రాకుండా పెంచగలిగేంత ఉంటే, ఆ సొమ్ము పెంచాలి. అయితే మనిషికి ఏడాదికి ఒక పౌండు దాటకూడదు, లేదా "రాణిగారు దయతో ఆజ్ఞాపించినంత" ఎక్కువ. ఒక పౌండు అంటే నాలుగు డాలర్లు. 1875లో పెంచి నాలుగు డాలర్లు చేశారు. అంతే. తర్వాత సడ్‌బరీలో నికెల్ పడింది. ఎలియట్ లేక్‌లో యురేనియం పడింది. అడవి, రైలు, కరెంటు, అన్నీ ఆ నేల మీదే పండాయి. మనిషికి నాలుగు డాలర్లు అలాగే ఉన్నాయి. ఇప్పటి డబ్బుల్లో కాదు, అక్షరాలా నాలుగు. దానికి ఇక్కడ ఒక పూట బస్సెక్కి దిగొచ్చు.

కోర్టులో ప్రభుత్వాల వాదన మనకు బాగా తెలిసిన రకం. దయ అంటే దయే కదా, చూపిస్తే చూపిస్తాం, లేకపోతే లేదు, దయ చూపించమని కోర్టు ఎలా ఆజ్ఞాపిస్తుంది? కాలదోషం పట్టిందని కూడా అంటార్యో వాదించింది! ఆ మాట చదివినప్పుడు నాకు మా ఊరి అరుగు గుర్తొచ్చింది. 2024 జులై 26న సుప్రీంకోర్టు చెప్పింది. దయ కూడా గౌరవంగా చూపించాలి. క్రౌన్ తన పరువుకు తగ్గట్టు ప్రవర్తించాలనేది చట్టం. నూట యాభై ఏళ్లు ఈ మాటను పట్టించుకోకుండా ఉండటం ఒప్పందాన్ని ఎగతాళి చేయడమే. కాలదోషమూ లేదు. అంతకు ఏడాది ముందే హ్యూరాన్ వైపు 21 ఫస్ట్ నేషన్స్‌తో గత బాకీకి వెయ్యి కోట్ల డాలర్లకు పరిష్కారం కుదిరింది. సగం కేంద్రం, సగం అంటార్యో.

ఇప్పుడు మా లిబరల్ మిత్రుడి మాటకు వస్తాను. రాణిగారి దయ అనే ఆ పాతకాలపు, నవ్వొచ్చే మాటే లేకపోతే ఈ కేసు దేని మీద నిలబడేది? క్రౌన్ పరువు అనే సూత్రం రాజరికపు చెత్తకుప్పలో నుంచి ఏరుకొచ్చిన ఆయుధం. దాన్ని ఏరుకొచ్చినవాళ్లు మూలవాసులు, వాళ్ల లాయర్లు. చెత్తకుప్ప మొత్తం కాల్చేద్దామనే ముందు అందులో వాళ్లవేం ఉన్నాయో అడగడం మర్యాద.

నేను రాజభక్తుణ్ణి కాను. పుట్టుకతో దొరికే పదవి మీద నాకెంత గౌరవం లేదో చెప్పడానికి ఇంకో వ్యాసం కావాలి. 2021 జులై 1న విన్నిపెగ్‌లో విక్టోరియా విగ్రహాన్ని జనం కూల్చి, తల తీసుకెళ్లి నదిలో పారేసినప్పుడు నాకేం బాధ కలగలేదు. కామ్లూప్స్ రెసిడెన్షియల్ స్కూలు ఆవరణలో పిల్లల సమాధులున్నట్టు ఆనవాళ్లు దొరికాయన్న వార్త వచ్చి అప్పటికి ఐదు వారాలే. లక్షన్నర మంది పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లిన వ్యవస్థ ఆ క్రౌన్ పేరుతోనే నడిచింది. ఆ రాణి విగ్రహాన్ని కూల్చిన కుర్రాళ్లు, ఆ రాణి పేరుతో ఉన్న ఒప్పందాన్ని పట్టుకుని కోర్టుకెక్కిన పెద్దలు ఒకే జాతుల మనుషులు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. బాకీ ఎగ్గొట్టిన షావుకారు ఫొటోకు ఎవరూ దండ వేయరు. అలాగని నోటు చించుకోరు.

ఎలాగూ రాజును తీసేయడం అంత తేలిక కూడా కాదు. పార్లమెంటుతో పాటు పది ప్రావిన్సులూ ఒప్పుకోవాలి. క్యుబెక్ 2022లో తన శాసనసభ్యులకు రాజుకు ప్రమాణం చేయడం ఐచ్ఛికం చేసుకుంది, అంతవరకే. వలసదారులకు ఆ వెసులుబాటు లేదు. ముగ్గురు వలసదారులు కోర్టుకెళితే 2014లో అంటార్యో అప్పీలు కోర్టు ఏమందంటే, మీరు ప్రమాణం చేస్తున్నది ఆ మనిషికి కాదు, ఈ ప్రభుత్వ పద్ధతికి. హాల్లోంచి బయటికొచ్చాక రాజంటే నాకు నమ్మకం లేదని నలుగురిలో చెప్పుకోవచ్చు. ఈ తీర్పు సంగతి చెబితే మా బాబాయి కొంచెం శాంతించాడు.

నేనుండేది కిచనర్‌లో. తెలుగు కుర్రాళ్లు కాలేజీలకనీ, కంపెనీలకనీ వచ్చి పడే ఊళ్లలో ఇదొకటి. ఊరి పక్కనుంచి గ్రాండ్ నది పోతుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ రాజు పక్షాన పోరాడి, ఓడి, సొంత ఊళ్లు పోగొట్టుకున్న సిక్స్ నేషన్స్‌కు (మోహాక్‌లతో సహా ఆరు జాతుల కూటమి) 1784 అక్టోబరు 25న గవర్నర్ హాల్డిమాండ్ ఈ నది వెంబడి అటు ఆరు మైళ్లు, ఇటు ఆరు మైళ్లు నేల ఇచ్చాడు. మీరూ మీ సంతతీ ఎప్పటికీ అనుభవించండి అని రాసి మరీ. దాన్నీ అంతకుముందే మిసిసాగాలనే మూలవాసుల దగ్గర కొన్నారు. మొత్తం సుమారు తొమ్మిదిన్నర లక్షల ఎకరాలు. ఇప్పుడు సిక్స్ నేషన్స్ చేతిలో ఉన్నది 46,000 ఎకరాల చిల్లర, ఐదు శాతం కూడా కాదు.

మిగతాది ఎటు పోయింది? కథ శుభ్రంగా లేదు, శుభ్రం చేసి చెప్పను. మోహాక్ నాయకుడు జోసెఫ్ బ్రాంట్ తానే పెద్ద పెద్ద బ్లాకులు అమ్మాడు. అమ్మే హక్కు మాకుందన్నాడు, లేదంది క్రౌన్, చివరికి 1798లో సర్దుబాటైంది. ఇప్పటి వాటర్లూ ఉన్నది అలా పోయిన రెండో బ్లాకులో. కొన్న సొమ్ములో ఎంతో భాగం సక్రమంగా చేరలేదు. చేరినది క్రౌన్ తన దగ్గర ట్రస్టుగా పెట్టుకుంది. ఆ ట్రస్టు సొమ్మును వాళ్లను అడక్కుండా గ్రాండ్ రివర్ నావిగేషన్ కంపెనీ అనే పడవల కాలవ కంపెనీలో పెట్టారు. కంపెనీ మునిగింది. ఆక్రమించుకున్న నేలలు వేరే. 1995లో సిక్స్ నేషన్స్ కౌన్సిల్ కెనడా మీద, అంటార్యో మీద దావా వేసింది. వాళ్లు అడిగింది ప్రధానంగా లెక్క. మా సొమ్ము మీ దగ్గర పెట్టాం, ఏం చేశారో చెప్పండి. ఈ నది పక్కనే బ్రాంట్‌ఫర్డ్‌లో రాజు పేరున్న చర్చి ఉంది, క్వీన్ యాన్ ఇచ్చిన వెండి సామానుతో సహా. ఆ దగ్గర్లోనే మోహాక్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1970 దాకా నడిచిన రెసిడెన్షియల్ స్కూలు. రాజు కోసం యుద్ధం చేసినవాళ్ల మునిమనవలు పాచిపోయిన గంజి తిన్న చోటు.

ఇప్పుడు మా ఊళ్లో ల్యాండ్ అక్నాలెడ్జ్‌మెంట్ ఎలా చదువుతారో చూడండి. హోదెనొషోనీ (అంటే సిక్స్ నేషన్స్), అనిషినాబే, న్యూట్రల్ ప్రజల సంప్రదాయ భూభాగంలో మనమున్నాం, వారికి కృతజ్ఞతలు. హాల్డిమాండ్ భూభాగం అనే మాట కొందరు చేరుస్తారు. ఐదు శాతం అనే మాట ఎవరూ అనరు. దావా ఉందని అనరు. బతికున్న మనుషులు గంటలోపు దూరంలో, సిక్స్ నేషన్స్ ఊరు ఓష్వెకెన్‌లో ఉన్నారని వినేవాడికి తట్టదు. ఎప్పుడో పోయినవాళ్లకు తద్దినం పెడుతున్నట్టు, తలలు వంచుకుని వింటారు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఆ నాలుగు వాక్యాలూ స్లైడు మీద ఉండేవి, ఫైర్ ఎగ్జిట్‌ల స్లైడు తర్వాత. ఒకసారి ప్రెజెంటర్ నోరు తిరగక జాతి పేరు దాటేసి వెళ్లిపోయింది.

ఈ తంతు తయారుచేసినవాళ్లకే వెగటు పుట్టింది. టొరంటోలో అప్పటి రయర్సన్ యూనివర్సిటీకి ఆ వాక్యాలు రాయడంలో పాలుపంచుకున్న అనిషినాబే పండితుడు హేడెన్ కింగ్, రాసినందుకు చింతిస్తున్నానని 2019లో బాహాటంగానే చెప్పాడు. పేర్లు పలకడం వరకే మిగిలి, చేయాల్సిన పని అడుగంటిందని. దీన్ని పట్టుకుని కన్సర్వేటివ్ మిత్రులు, చూశావా, మానేద్దాం అంటారు. కాదు. తప్పు రాసిన నోటును తిరగరాయించుకుంటాం గానీ, చించేయం. మొత్తమూ పేర్లూ లేని నోటు నోటు కాదు, అంతే.

మాట మాటగా ఉన్నంత కాలం అందరూ ఎంత మర్యాదగా ఉంటారో, దానికి పళ్లు మొలిస్తే ఏమవుతుందో 2025 ఆగస్టు 7న తెలిసింది. బ్రిటిష్ కొలంబియాలో ట్రయల్ 513 రోజులు నడిచాక, రిచ్‌మండ్‌లో సుమారు 800 ఎకరాల మీద కవిచన్ ప్రజలకు ఆదివాసీ హక్కు ఉందని జడ్జి తీర్పిచ్చింది. అక్కడ క్రౌన్ ఇచ్చిన పట్టాలు ఆ హక్కును తొక్కేసి ఇచ్చినవంది. కెనడా పేరిట, మునిసిపాలిటీ పేరిట ఉన్న పట్టాలు చెల్లవంది. ప్రైవేటు ఇళ్లను లాక్కోవాలని కవిచన్‌లు అడగలేదు. అయినా మునిసిపాలిటీ ఇళ్లవాళ్లకు హెచ్చరిక ఉత్తరాలు పంపింది. దాంతో గుండెలు జారాయి. అంతవరకు ప్రతి మీటింగులోనూ ఇది మీ నేలే అని తలూపినవాళ్లు, ఒక జడ్జి అవును, వాళ్ల నేలే అనగానే ఉలిక్కిపడ్డారు. అప్పీళ్లు పడ్డాయి, చివరికి ఏమవుతుందో కోర్టులు తేలుస్తాయి. అప్పు చేసి ఇల్లు కొనుక్కున్న వలసదారుడి భయాన్ని నేను ఎగతాళి చేయను, నాదీ అదే పరిస్థితి. కానీ ఆ భయానికి కారణం కవిచన్‌లు కాదు. తనది కాని నేలకు పట్టా ఇచ్చింది క్రౌన్. కోపం ఉంటే అటు తిప్పాలి.

మన తెలుగు సభల్లో ఈ విషయం వస్తే ఒక జవాబు తయారుగా ఉంటుంది. "మనమూ తెల్లవాడి కింద నలిగినవాళ్లమే, మనకేం పాపం?" బందరు పడిన ఏడే క్యుబెక్ పడిందని నేనే పైన రాశాను కాబట్టి ఆ మాట సగం నిజమని ఒప్పుకుంటాను. మిగతా సగానికి మా ఇంటి సంగతే చెప్పాలి.

మా తాత కృష్ణా జిల్లా నుంచి గోదావరి ఒడ్డున ఏజెన్సీకి పొగాకు సాగుకు వెళ్లాడు. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఆ చుట్టుపక్కల కోయ ఊళ్లలో నోటు ఇంకో రకంగా పనిచేసేది. కోయవాడు ఉప్పుకో, పెళ్లికో అప్పు తీసుకుని వేలిముద్ర వేస్తే, మూడేళ్లకు పొలం షావుకారు సాగులోకి వచ్చేది. 1959లో వచ్చి 1970 సవరణతో గట్టిపడిన భూబదలాయింపు చట్టం, అందరూ 1/70 అనేది, దీన్ని ఆపడానికే. అందులో ఒక గొప్ప వాక్యముంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని అతను రుజువు చేసుకునేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి. ఇంతకు మించిన అక్నాలెడ్జ్‌మెంట్ కెనడాలో నాకెక్కడా కనపడలేదు. ఆ ప్రభుత్వం కూడా ఆ చట్టం ముందు గిరిజనేతరుడి కిందికే వస్తుందని, ప్రైవేటు గనులకు లీజులివ్వడానికి వీల్లేదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బొర్రా గుహల దగ్గరి గనుల గొడవ అది.

మరి ఆ నేల ఎవరిదో మా ఊళ్లో ఏ సభలోనైనా ఎవరైనా అన్నారా? నేను వినలేదు. కెనడాలో మాటలు దండిగా ఉన్నాయి, చట్టం నత్తనడక నడుస్తుంది. మా దగ్గర చట్టం భేషుగ్గా ఉంది, మాట మాత్రం ఎవరి నోటా రాదు. మా పొలం కాగితాలు 1/70 కంటే ముందువని ఇంట్లో అంటుండేవాళ్లు. నేనా కాగితాలు చూడలేదు. అడిగితే బీరువా తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మనకేం పాపం అనేవాళ్లలో ఎంతమంది ఇళ్లలో అలాంటి బీరువాలున్నాయో నాకు తెలియదు గానీ, నేను మాత్రం ఆ వాదన చేయలేను. ఆ పొలం అమ్మిన డబ్బులో కొంత నా చదువుకైంది. ఆ చదువుతోనే ఈ నది ఒడ్డుకు వచ్చాను.

అందుకని మా తెలుగు సంఘం ఉగాదికి నేనొక ప్రతిపాదన పెట్టాను. ఇప్పటిదాకా చదువుతున్న కృతజ్ఞతల ముక్క తీసేసి ఇది చదువుదామన్నాను: "ఈ హాలున్న నేలను 1784లో రాజు తరఫున గవర్నర్ హాల్డిమాండ్ సిక్స్ నేషన్స్‌కు ఎప్పటికీ అనుభవించమని రాసిచ్చాడు. తొమ్మిదిన్నర లక్షల ఎకరాల్లో వాళ్లకిప్పుడు 46,000 మిగిలాయి. అమ్మిన భూమి సొమ్ముకు లెక్క చెప్పమని వాళ్లు 1995లో వేసిన దావా ఉంది. మనలో కెనడా పౌరులైనవాళ్లం ఆ రాజుకూ, ఒప్పంద హక్కులను గుర్తించిన రాజ్యాంగానికీ చెయ్యెత్తి మాటిచ్చాం. ఈ టికెట్ల సొమ్ములో ఇంత భాగం ఓష్వెకెన్ లైబ్రరీకి పంపుతున్నాం." ఇంత అన్నచోట అంకె ఖాళీగా ఉంచాను, కమిటీ వేసుకోవాలని.

కమిటీలో రగడ అయింది. పండగపూట కోర్టు గొడవలెందుకండీ, పిల్లలుంటారు అన్నారొకరు. కౌన్సిలర్‌ను ముఖ్య అతిథిగా పిలిచాం, నొచ్చుకుంటుందేమో అన్నారింకొకరు. ఒకావిడ, డబ్బు పంపుదాం గానీ ఆ అంకెలు చదవొద్దు అంది. ఆవిడ మాట మీద కొంచెం ఆలోచించాను. దానంగా పంపితే మనం పెద్దవాళ్లమవుతాం, అంకెలు చదివి పంపితే బాకీదారులమవుతాం. అందుకే అంకెలు ఉండాలన్నాను. పన్నెండు రాశులకూ ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని గంటసేపు పంచాంగం చదివించే సభలో, ఇంకో రెండు అంకెలకు చోటు లేదా అని కూడా అన్నాను. పంతులుగారు నవ్వారు, సెక్రటరీ నవ్వలేదు. వచ్చే మీటింగు ఎజెండాలో మాత్రం పెట్టారు, ఏడో అంశంగా, సౌండ్ సిస్టం అద్దె తర్వాత.